నాలుగో అంతస్తు గాలి

మా ఆయన చేతికి దొరికిన ఏ వస్తువునీ విప్పకుండా వదిలిపెట్టరు. పెళ్ళయిన మూడో రోజునే మా నాన్న ఇచ్చిన రేడియో విప్పి, మళ్ళీ బిగించి, "ఇవి అందులో అనవసరంగా ఉన్నాయోయ్" అంటూ రెండు స్క్రూలు నా చేతిలో పెట్టారు. ఆ రేడియో ఈ రోజుకీ పాడుతోంది. అందుకని తిడదామన్నా నాకు నోరు రాదు. కాలిపోయిన మోటార్లకీ ఫ్యాన్లకీ కొత్త రాగితీగ చుట్టి బతికించడం ఆయన పని. వీధిలో అందరూ 'వైండింగు' అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి ఎవరైనా తలుపు కొడితే ఏ కోర్టు కాగితమో అనుకుని నేను ముందు కిటికీలోంచి చూస్తాను.

మాది మూడంతస్తుల ఇల్లు. కింద ముందుగదిలో ఆయన షాపు, వెనక వదిన లాండ్రీ. మధ్య అంతస్తులో వదిన, పైన మేము, ఆపైన డాబా. లెక్కకి అది నాలుగో అంతస్తు. అక్కడే బట్టలు ఆరేస్తారు.

వదిన అంటే ఆయన అక్క. అమ్మానాన్నలు పోయేనాటికి ఆవిడకి పదిహేడేళ్ళు, ఈయనకి తొమ్మిది. ఇంటింటికీ తిరిగి బట్టలు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి తమ్ముణ్ణి పెంచింది. పెళ్ళి మాట ఎవరెత్తినా, "ముందు వీడికి చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకోవడం రానివ్వండి" అనేదట. ఆయనకి ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆవిడ పెళ్ళీ కాలేదు. పంతొమ్మిదేళ్ళుగా పెద్దాసుపత్రి దుప్పట్లన్నీ వదిన చేతి మీదుగానే వెళ్తున్నాయి. లాండ్రీలో ఇంకో నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు.

ఏడు నెలల కిందట దుప్పట్ల మీద నల్లటి నలకలు కనపడడం మొదలైంది. ఆవగింజలో సగం కూడా ఉండవు. దులిపితే పోవు, గీతలా సాగుతాయి. మళ్ళీ ఉతికి ఆరేస్తే మళ్ళీ అవే. వదిన నీళ్ళు మార్చింది, సబ్బు మార్చింది, డాబా మీది తీగలన్నీ తీసేసి కొత్తవి కట్టించింది. ఒక రోజు ఆసుపత్రి స్టోరు కీపరు కౌంటరు దగ్గర పదిమంది ముందు దుప్పటి విప్పి చూపించి, "చేతకాకపోతే మానెయ్యమ్మా, వయసు మీద పడ్డాక ఎందుకీ పాట్లు?" అన్నాడు. వచ్చే నెలాఖరులోగా నలకలు ఆగకపోతే పని వేరే లాండ్రీకి ఇస్తానని కూడా చెప్పాడు.

వదిన ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. పని పోతుందన్న మాట అసలు ఎత్తనే లేదు. "చేతకాదన్నాడు" అని మాత్రం మూడుసార్లు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ స్టోరు కీపరు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో ఇక్కడ రాయడం బాగుండదు.

నలకలు ఎక్కణ్ణించి వస్తున్నాయో మాకు తెలుసు. మా వెనకవీధిలో అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. దాని పొగగొట్టం మా డాబాకి కాస్త ఎత్తులో, ఎదురుగా కనపడుతుంది. వెళ్ళి అడిగితే మేనేజరు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, "మా గొట్టంలోంచి ఆవిరి తప్ప ఇంకేమీ రాదండీ" అన్నాడు. కాలుష్యం ఆఫీసుకి అర్జీ పెట్టాం. వాళ్ళ ఆఫీసరు స్వయంగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా, అనవసరంగా ఒక్క మాట మాట్లాడని మనిషి. సందులో నిలబడి మీటరు తీసి చూశారు. అంకె ముప్పై రెండు. యాభై లోపు ఉంటే మంచి గాలి కిందే లెక్కట.

"మేడమ్, మా అక్క బట్టలు సందులో ఆరెయ్యదు" అన్నారు మా ఆయన. "పైన ఆరేస్తుంది. ఆ పొగ మన నెత్తి మీదుగా పోయి పైనే తగులుతోంది."

"డాబా మీద కూడా చూశాను కదండీ. అక్కడా తేడా లేదు. గొట్టానికీ మీ డాబాకీ మధ్య గాలిలో ఏముందో చూసే సాధనం మా దగ్గర లేదు."

"ఉంటే చూస్తారా?"

ఆఫీసరు ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూశారు. చొక్కా బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నారు ఆ రోజు. "ఉంటే తీసుకురండి. నా మీటరుతో సరిపోలితే నమ్ముతాను. ఎగరెయ్యడానికి అనుమతి కాగితం నేనే తెప్పిస్తాను" అన్నారు.

ఇంకేముంది, ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు ఒకాయన రెక్క విరిగిన డ్రోన్ ఒకటి బాగుచెయ్యమని ఇచ్చి, వద్దులెమ్మని వదిలేసిపోయాడు. దాన్ని బతికించారు. అగ్గిపెట్టెకి రెండింతలుండే దుమ్ము సెన్సరు ఒకటి తెప్పించారు. దానిలో చిన్న ఫ్యాను గాలిని పీలుస్తుంది, సన్నటి వెలుతురు ఆ గాలిలోంచి పోతుంది, వెలుతురుకి అడ్డం వచ్చిన నలుసుల్ని అది లెక్కపెడుతుంది. ఆ అంకె నా ఫోన్‌లో కనపడేలా చేశారు. సెన్సరుకి పెట్టె కావాలంటూ నా టిఫిన్ డబ్బా పట్టుకుపోయారు. నేను నిప్పులు చెరిగాను. అయినా డబ్బా తిరిగి రాలేదు.

సెన్సరుని అందరూ డ్రోన్ కిందే కడతారట. ఈయన ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్ళుగా ఫ్యాన్లు చూస్తున్నాను. కింద కడితే రెక్కలు తోసే గాలే తగులుతుంది. దానికి బయట ఏముందో ఎలా తెలుస్తుంది?" అని, దోమల చుట్ట వెలిగించి, డ్రోన్ చుట్టూ ఆ పొగ ఎటు పోతోందో గంటసేపు చూశారు. చివరికి చేపలతొట్టి గొట్టం ఒకటి తీసి, రెక్కల గాలి అందనంత దూరంగా మూరెడు పైకి నిలబెట్టారు. చూడడానికి తలలో ఈక పెట్టుకున్న పురుగులా ఉంది. ఆదివారాలు ఊరి చివర ఖాళీ స్థలంలో ఎగరేశాం. డబ్బాలో పాత అట్టలు కాల్చి, ఆ పొగ మీదికి పంపితే అంకె చక్కగా పెరిగేది. ఆయన కళ్ళు డ్రోన్ మీద, నా కళ్ళు ఫోన్ మీద. నా ఉద్యోగం బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పడం. కాబట్టి అంకెలు పైకి చదవడం నాకు కొత్త కాదు. మూడుసార్లు కూలింది. ఒకసారి, సెన్సరు ఇంకా పెట్టకముందు, మా డాబా మీదే దిగబోయి వదిన గంజి తొట్టిలో పడింది. ఆవిడ దాన్ని తీసి, కడిగి, తీగకి ఆరేసి, క్లిప్పు కూడా పెట్టింది.

ఒక గురువారం పొద్దున్న పదింటికి ఆఫీసరు వచ్చారు. ఫ్యాక్టరీ మేనేజరు కూడా వచ్చాడు, తెల్లటి చొక్కాతో. డ్రోన్ లేచింది. ఫ్యాక్టరీ గొట్టం పక్కకి చేరింది. "ఇరవై తొమ్మిది... ముప్పై ఒకటి" అని చదివాను. అటూ ఇటూ ఎంత తిప్పినా అంతే. బ్యాటరీ తగ్గుతోందని వెనక్కి తిప్పారు. మా డాబా అంచుకి రాగానే ఫోన్‌లో అంకె ఉన్నట్టుండి పరుగెత్తింది. నూట డెబ్బై, రెండొందల అరవై, నాలుగొందల పన్నెండు. నేను అలవాటు కొద్దీ గొంతెత్తి చదివేశాను. చదివాక నాలుక కరుచుకున్నాను.

మేనేజరు నవ్వాడు. "అమ్మా, పొగ మీ ఇంట్లోంచే వస్తున్నట్టుందే!"

ఆఫీసరు నా ఫోన్‌లో అంకె చూశారు. కాగితం మీద రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "మరోసారి చూడాలంటే రెండు వారాల తర్వాత గురువారం రాగలను. అదే ఆఖరు" అన్నారు. లెక్క చూస్తే అది నెలాఖరుకి ముందు రోజు.

ఆయన డ్రోన్‌ని గుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టేశారు. రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. పరువు పోయిందన్న బాధ కాదు అది. తన మీద అంత ఆశ పెట్టుకున్న అక్క ముందు ఓడిపోయానన్న బాధ.

మూడో రోజు పొద్దున్న నేనే ఆ గుడ్డ విప్పాను. మొండితనం నా సొంత ఆస్తి. "కనీసం ఆన్ చేసి చూడండి, అంకె ఎందుకలా ఎగిరిందో" అని పోరుపెడితే విసుక్కుంటూ ఆన్ చేశారు. నేను చేతిలో టీ గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఫోన్‌లో అంకె ఇరవై నుంచి మూడొందలకి ఎగిరింది. గిన్నె పక్కకి తీశాను. దిగిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎగిరింది.

"టీ కూడా కాలుష్యమేనా?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, గిన్నెలోకి చూసి, తల పట్టుకున్నారు. వెనకగదిలో దుప్పట్లు ఉడకబెట్టే తొట్ల ఆవిరి రేకు గొట్టం గుండా పైకి వచ్చి డాబా అంచునే బయటపడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా మా కళ్ళ ముందే ఉంది. సెన్సరుకి నీటి తుంపరా ఒకటే, మసీ ఒకటే. వెలుతురుకి అడ్డం వస్తే లెక్కపెట్టేస్తుంది. మేము ఆదివారాలు పరీక్ష చేసింది ఖాళీ స్థలంలో, అదీ లాండ్రీకి సెలవు రోజున. ఆవిరి మధ్యే బతికే ఇంట్లో ఆవిరి సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఇంతకన్నా తెలివితక్కువతనం ఉంటుందా?

ఇద్దరం కిందికి పరుగెత్తి వదినకి చెప్పాం. ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. "ఆ రోజుకి తొట్లు ఆపేద్దాం అక్కా" అన్నారు ఆయన.

"ఆపితే ఆ మేనేజరు ఊరుకుంటాడా? ఆ రోజు ఆవిరి ఆపి చూపించారంటాడు" అంది ఆవిడ, ఇస్త్రీపెట్టె ఎత్తకుండానే. "అయినా తడిగుడ్డ మీద మరక చూస్తారా ఎవరైనా? తడిలో అంతా మరకలాగే ఉంటుంది. నేనెప్పుడూ ఇస్త్రీ అయ్యాకే చూస్తాను. తడి ఆరాక ఏది మిగిలితే అదే మరక."

ఆయన ఆ ఇస్త్రీపెట్టె కింద లేస్తున్న ఆవిరి కేసి చూశారు. తర్వాత, "అక్కా, గాలికి కూడా ఇస్త్రీ చేస్తే?" అన్నారు.

నేను ఆయనకి మతి పోయిందనుకున్నాను. తీరా చూస్తే అది ఆయన బతుకంతా చేస్తున్న పనే. పీల్చే గొట్టం చుట్టూ సన్నటి హీటరు తీగ చుట్టారు, ఒక్కో చుట్టూ వేలిగోటితో సర్దుతూ. గాలి ఆ వేడిలోంచి పోతే తుంపర ఆరిపోతుంది, మసి మాత్రం మిగులుతుంది. మొదటి చుట్టు మరీ వేడెక్కి గొట్టం కరిగింది. రెండోదానికి నా టిఫిన్ డబ్బా మూత వంకరపోయింది. మూడోదానికి గాజు గొట్టం దొరికింది. టీ గిన్నె పెట్టాం, అంకె పద్దెనిమిది దగ్గర కదలకుండా ఉంది. దోమల చుట్ట పెట్టాం, చకచకా రెండొందలు దాటింది. నేను ఆనందం పట్టలేక ఆ టీ ఆయన మీద ఒలకబోశాను. హీటరుకి కరెంటు ఎక్కువ కావాలి కనక పద్దెనిమిది నిమిషాలు ఎగిరేది కాస్తా పదకొండు నిమిషాలకి వచ్చింది. ఇంకో బ్యాటరీ ఆ డ్రోన్‌కి ఎక్కడా దొరకలేదు.

"ఫరవాలేదు, పదింటికి ఎగరేస్తే పదీ పదకొండుకల్లా అయిపోతుంది" అన్నారు ఆయన.

"అసలు పదింటికి ఎందుకు ఎగరెయ్యడం?" అంది వదిన. "నలకలు పడేది పదకొండున్నరకి కదా."

ఇద్దరం నోరెళ్ళబెట్టాం. "నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటి? బట్టలు ఆరేసేది నేను, తీసేది నేను. రోజూ పదకొండున్నరకి ఆ గొట్టం భుస్సుమంటుంది. అయిదు నిమిషాలు. మళ్ళీ ఏమీ ఉండదు. ఆ వేళకి దుప్పట్లు సగం తడిగా ఉంటాయి, తీసి మడిచామంటే ముక్క వాసన."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరైనా అడిగారా?"

నిజమే. అర్జీ రాసింది నేను, మాట్లాడింది ఆయన, మీటరు పెట్టింది ఆఫీసరు. నలకల్ని ఏడు నెలలు చూసిన మనిషిని ఒక్కరం ఒక్క ముక్క అడగలేదు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

గురువారం ఆఫీసరు పదకొండింటికే వచ్చేశారు. మేనేజరు కూడా వచ్చాడు, అదే తెల్లచొక్కాతో. ముందు ఆఫీసరు తన మీటరునీ మా సెన్సరునీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశారు. ఆవిడది ముప్పై మూడు, మాది ముప్పై అయిదు. తల ఊపారు. "కానివ్వండి" అన్నారు.

"ఇప్పుడే వద్దమ్మా" అంది వదిన. "పదకొండున్నర కానీండి. ఒక్కసారే ఎగరగలదు."

"నేను పావు తక్కువ పన్నెండుకి బయల్దేరాలి."

"చాలు."

మేనేజరు గడియారం చూసుకుంటూ, "ఇదేం ముహూర్తమండీ? నాకు మీటింగుంది, ఎగరేసేదేదో ఇప్పుడే ఎగరెయ్యండి" అని రుసరుసలాడాడు. పొగగొట్టం ఎప్పుడు ఏం చేస్తుందో ఆ పెద్దమనిషికి పాపం తెలియదు. బాయిలర్‌లో పేరుకున్న మసిని అక్కడి పనివాళ్ళు రోజూ ఆ వేళకే ఊదేస్తారని అతనికి కూడా ఆ రోజే తెలిసింది.

వదిన డాబా అంచున కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. పదకొండూ ఇరవై ఆరు. ఇరవై ఏడు. "ఇప్పుడు లేపు తమ్ముడూ" అంది.

డ్రోన్ లేచింది. ముందు మా ఆవిరి గొట్టం మీదికే పోయింది. కింద తొట్లన్నీ కుతకుతలాడుతున్నాయి, తెల్లటి ఆవిరి డ్రోన్‌ని కప్పేసింది. "ఇరవై రెండు" అని చదివాను, మేనేజరు వైపు తిరిగి మరీ. అతని నవ్వు సగంలో ఆగింది. అక్కణ్ణించి ఫ్యాక్టరీ గొట్టం పక్కకి, మా డాబా ఎత్తులో నిలబెట్టారు. ముప్పై. ఇరవై ఎనిమిది. ముప్పై ఒకటి. మూడు నిమిషాలు గడిచాయి. నాలుగు. పదకొండున్నర దాటింది. అయిదు నిమిషాలు. ఆఫీసరు సంచీ భుజాన వేసుకున్నారు. మా ఆయన పెదవి కొరుక్కుంటూ, "అక్కా..." అన్నారు. వదిన గొట్టం మీంచి చూపు తిప్పలేదు.

అప్పుడు భుస్సుమంది.

సన్నగా తెల్లగా వస్తున్న పొగ ఒక్కసారిగా నల్లబడి, పైకి పోకుండా అడ్డంగా మా వైపు సాగింది. "డెబ్బై నాలుగు" అన్నాను. "నూట తొంభై. మూడొందల అరవై ఆరు. అయిదొందల నలభై." నా గొంతు దానంతటదే బస్‌స్టేషన్ గొంతైపోయింది. పక్క డాబాల మీద ఆడవాళ్ళు తొంగిచూశారు. "ఆరువందల పన్నెండు! ప్రయాణికులు గమనించగలరు, ఆరువందల పన్నెండు!" అని అరిచాను. ఆ రెండో ముక్క ఎందుకన్నానో నాకే తెలియదు. ఎప్పుడూ నవ్వని ఆఫీసరు కూడా నవ్వారు. నవ్వుతూనే తన మీటరు కేసి చూసుకున్నారు. దానిలో ముప్పై నాలుగు. ఆ మీటరునీ, ఎదురుగా గాలిలో ఆడుతున్న డ్రోన్‌నీ మార్చి మార్చి చూశారు.

ఇంకో నిమిషంలో బ్యాటరీ అయిపోతుందనగా డ్రోన్ దిగింది. గాజు గొట్టం మూతి నల్లగా ఉంది. ఆఫీసరు వేలితో తుడిచి, తీగ మీది దుప్పటి అంచున రాశారు. గీతలా సాగింది. పక్కనే అప్పుడే పడిన నలకని కూడా తుడిచి చూశారు. రెండు గీతలూ ఒకటే.

"నోటీసు ఈ రోజే వస్తుంది" అన్నారు మేనేజరుతో. అతని తెల్లచొక్కా భుజం మీద కూడా మూడు నలకలు ఉన్నాయి. నేను వేలెత్తి చూపించాను. చూపించకుండా ఉండగలిగే మంచితనం నాకు లేదు. ఆఫీసరు మా ఆయన వైపు తిరిగి, "ఆ హీటరు తీగ ఆలోచన ఎవరిది?" అని అడిగారు. ఆయన అక్క వైపు చూపించారు. ఆవిడ అప్పటికే దుప్పట్లు తీసే పనిలో పడింది.

నోటీసు ప్రతి ఒకటి ఆఫీసరు వదినకి కూడా ఇచ్చారు. మర్నాడు పొద్దున్న, సరిగ్గా నెలాఖరు రోజున, దాన్నీ, మళ్ళీ ఉతికి రాత్రంతా షాపులో ఫ్యాన్ల కింద ఆరబెట్టిన దుప్పట్ల మూటనీ పట్టుకుని వదిన ఆసుపత్రికి బయల్దేరింది. నేను తోడు వెళ్ళాను. కౌంటరు దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. స్టోరు కీపరు కాగితం రెండుసార్లు చదివాడు. "సరేనమ్మా, పని మీ దగ్గరే ఉంటుంది. వచ్చే నెల నుంచి ఇంకో వార్డు దుప్పట్లు కూడా..." అన్నాడు.

"వార్డు సంగతి తర్వాత" అంది వదిన. "ఆ రోజు నన్నో మాటన్నారు. దాని సంగతేంటి?"

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మీ ఉతుకులో తప్పు లేదు" అని గొణిగాడు.

"ఆ రోజు ఇంత మెల్లగా అనలేదుగా. వెనకవాళ్ళకి వినపడలేదు."

ఆ మాట నేను చెప్పగలిగేదాన్నే, ఆ వరండా చివరిదాకా వినపడేలా. గొంతు కూడా సవరించుకున్నాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. అతను కుర్చీలోంచి లేచాడు. "ఈవిడ ఉతుకులో ఏనాడూ తప్పు లేదు. నేనే తొందరపడి మాట తూలాను" అన్నాడు, అందరికీ వినపడేలా. వదిన తల ఊపి, మూట విప్పి, దుప్పట్లు ఒక్కొక్కటీ కౌంటరు మీద పరవడం మొదలుపెట్టింది. ఒక్కదాని మీదా చిన్న చుక్క లేదు.

బయటికొచ్చాక మాత్రం మెట్ల మీద కూలబడి భోరుమంది. ఏడు నెలల్లో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను, నాకు ఎవరైనా ఏడుస్తుంటే ఆగదు. మా కోసం బయట స్కూటరు దగ్గర ఆగిన మా ఆయన మమ్మల్ని చూసి కంగారుగా పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందక్కా? ఏమన్నాడు?"

వదిన ముఖం తుడుచుకుంది. చెయ్యి చాపి, ఆయన చొక్కాకి తప్పుగా పెట్టుకున్న బొత్తాం విప్పి సరిగ్గా పెట్టింది.

"నేను బాగా ఉతుకుతానన్నాడురా" అంది.